రెజిన్ పూస దేన్ని పడుతుంది, దేన్ని వదిలేస్తుంది: గరివిడి మాంగనీసు నుంచి పలాస జీడి దాకా

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది విజయనగరం ప్రాంతంలోనే. 1890ల తొలి ఏళ్లలో చీపురుపల్లి పరిసరాల్లోని కోడూరులో గనులు తెరిచారు. తర్వాత గర్భాం, గరివిడి పేర్లు వినిపించాయి. ఇక్కడి శిలల్ని పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త లూయిస్ లీ ఫెర్మోర్ ఒక శిలకు ఊరి పేరే పెట్టి కోడురైట్ అన్నాడు. అందులో మాంగనీసు ఉన్న గార్నెట్, ఫెల్డ్‌స్పార్‌లతో పాటు అపటైట్ కూడా ఉంటుంది. అపటైట్ అంటే భాస్వరం ఉన్న ఖనిజం. ఉత్తరాంధ్ర మాంగనీసుకు ‘భాస్వరం ఎక్కువ’ అన్న పేరు రావడానికి మూలం అదే. భాస్వరం ఉక్కులోకి చేరితే ఉక్కు పెళుసుబారుతుంది. అందుకే ఇక్కడి ఖనిజాన్ని ఫెర్రోమాంగనీస్ (ఉక్కు తయారీలో వాడే ఇనుము, మాంగనీసుల మిశ్రమలోహం) కొలిమికి పంపాలంటే భాస్వరం తక్కువున్న ఖనిజంతో కలుపుకోవాల్సి వస్తుంది.

కొలిమికి పనికిరాని నాసిరకం ఖనిజానికి మరో దారి ఉంది. ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణంలోంచి మాంగనీసును శుభ్రంగా తీసుకోవడం. డ్రై సెల్స్‌లో వాడే మాంగనీస్ డయాక్సైడ్‌కూ, లిథియం బ్యాటరీల్లోకి వెళ్లే మాంగనీస్ సల్ఫేట్‌కూ ఇదే మార్గం. అయితే ఆమ్లం పోస్తే మాంగనీసు ఒక్కటే కరగదు. ఇనుము, అల్యూమినియం, రాగి, నికెల్, కోబాల్ట్, జింకు, కాల్షియం, మెగ్నీషియం తలా కొంత వెంట వస్తాయి. ఇంత గుంపులోంచి ఒక లోహాన్ని వేరుచేసే పని ఎదురైనప్పుడల్లా రసాయన ఇంజనీర్ల నోట వచ్చే పరిష్కారాల్లో ఒకటి సూక్ష్మరంధ్రాల పాలిమర్ రెజిన్. కోరిన లోహాన్ని మాత్రమే పట్టేస్తుందని దానికి పేరు. ఆ పేరులో నిజముంది. కానీ గరివిడి ఖనిజం దగ్గరికొచ్చేసరికి ఆ నిజం తలకిందులవుతుంది. ఎలాగో తెలియాలంటే ముందు ఆ పూస లోపల ఏముందో చూడాలి.

రెజిన్ అనగానే జిగురు గుర్తొస్తుంది గానీ, ఇక్కడ మాట్లాడేది ఆవగింజంత, అంతకంటే చిన్నంత గట్టి పూసల గురించి. వ్యాసం ఇంచుమించు 0.3 నుంచి 1.2 మిల్లీమీటర్లు. స్టైరీన్ అనే నూనెలాంటి ద్రవంలో కొంత డైవినైల్ బెంజీన్ కలిపి, నీళ్లలో పోసి గిలక్కొడతారు. నూనె నీళ్లలో కలవదు కాబట్టి బిందువులుగా విడిపోతుంది. వేడి చేస్తే ప్రతి బిందువూ గట్టిపడి ఒక పూస అవుతుంది. స్టైరీన్ పొడవాటి గొలుసులుగా అల్లుకుంటే, డైవినైల్ బెంజీన్ ఆ గొలుసుల్ని అక్కడక్కడా ముడేస్తుంది. ఆ ముళ్ల వల్లే పూస దేనిలోనూ కరగకుండా నిలుస్తుంది.

ఇంతవరకే చేస్తే వచ్చేది జెల్ రకం పూస. అద్దంలా ఉంటుంది. నీళ్లలో ఉబ్బినప్పుడు గొలుసుల మధ్య కాస్త ఎడం ఏర్పడుతుంది, ఎండితే మూసుకుపోతుంది. శాశ్వతమైన రంధ్రాలు కావాలంటే మొదటి మిశ్రమంలోనే టోలుయిన్, హెప్టేన్ లాంటి ద్రావకాన్నో, పొడవాటి గొలుసున్న ఆల్కహాల్‌నో కలుపుతారు. అది పాలిమర్‌లో భాగం కాదు. పూస గట్టిపడుతున్నప్పుడు చోటు ఆక్రమించుకుని కూర్చుంటుంది. ఆ తర్వాత దాన్ని కడిగేస్తే అది ఉన్న చోటల్లా ఖాళీ మిగులుతుంది. ఇలాంటి పూస కంటికి తెల్లగా, కాంతి దాటకుండా కనిపిస్తుంది. ఒక గ్రాము పూసల లోపలి ఉపరితలం పదుల నుంచి వందల చదరపు మీటర్ల దాకా ఉంటుంది. గొలుసుల్ని మరీ బిగించి ముడేసిన రకాల్లో వెయ్యి చదరపు మీటర్లు దాటుతుంది.

ఇక్కడే ఒక అపోహ పుడుతుంది. రంధ్రాల పరిమాణాన్ని బట్టి రెజిన్ లోహాల్ని జల్లెడ పడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రంధ్రాల వెడల్పు సాధారణంగా పదుల నానోమీటర్లు. తన చుట్టూ నీటి అణువుల్ని కప్పుకున్న లోహ అయాను ఒక నానోమీటరు కూడా ఉండదు. రాగి, నికెల్, కాల్షియం, అన్నీ అదే దారిన హాయిగా లోపలికి వెళ్తాయి. రంధ్రాలు వీధుల్లాంటివి. ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చేది ఇళ్ల తలుపులు. ఆ తలుపులు రంధ్రాల గోడల మీద అతికించిన రసాయన సమూహాలు. వాటిని బట్టే రెజిన్‌కు గుణం వస్తుంది. గోడ మీద సల్ఫోనిక్ సమూహాలు పెడితే అది ఇళ్లలో నీళ్ల సాఫ్ట్‌నర్లలో వాడే మామూలు రెజిన్. ఇమినోడైఎసిటిక్ సమూహం పెడితే బరువు లోహాల్ని గోళ్లతో పట్టినట్టు పడుతుంది. థయోల్ పెడితే పాదరసం, పల్లాడియం. అమిడాక్సైమ్ పెడితే యురేనియం, గాలియం. ఎన్-మిథైల్ గ్లూకమిన్ పెడితే బోరాన్.

ఇది కొత్త జ్ఞానం కూడా కాదు. 1850 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో థాంప్సన్, వే అనే ఇద్దరు పొలం మట్టిలోంచి అమ్మోనియా ఎరువు ద్రావణాన్ని కారనిస్తే మట్టి అమ్మోనియాను అట్టేపెట్టుకుని బదులుగా కాల్షియాన్ని వదులుతోందని గమనించారు. వంశధార ఆయకట్టులోని బంకమట్టి కూడా చేసే పని అదే. ఒకదాన్ని తీసుకుని ఇంకొకదాన్ని ఇవ్వడం. 1935లో ఆడమ్స్, హోమ్స్ ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో ఈ పని చేసే కృత్రిమ రెజిన్ తయారుచేశారు. 1940ల్లో డాలేలియో స్టైరీన్ పూసల్ని ముందుకు తెచ్చాక పరిశ్రమ మొత్తం అటు మళ్లింది.

తలుపు ఎవరికి తెరుచుకుంటుందన్న ప్రశ్నకు శ్రీకాకుళం జిల్లా నుంచే ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. సారవకోట మండలం బుడితి ఇత్తడి పనికి పేరున్న ఊరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇత్తడి అంటే రాగి, జింకు. ఒక ఇత్తడి ముక్కను ఆమ్లంలో కరిగిస్తే రెండూ అయాన్లుగా ద్రావణంలోకి వస్తాయి. రెండింటికీ రెండేసి ధనావేశాలు, పరిమాణంలోనూ పెద్ద తేడా లేదు. సాఫ్ట్‌నర్‌లోని సల్ఫోనిక్ రెజిన్‌కు ఈ రెండింటి మధ్య తేడా దాదాపు తెలియదు. అది చూసేది ప్రధానంగా ఆవేశాన్నే. ఇమినోడైఎసిటిక్ రెజిన్ అలా కాదు. దాని సమూహంలో ఒక నైట్రోజన్, రెండు కార్బాక్సిల్ కొసలు ఉంటాయి. మూడూ కలిసి లోహాన్ని మూడు వైపుల నుంచి చుట్టుకుంటాయి. ఆ కౌగిలి బలం లోహం ఎలక్ట్రాన్ల అమరికను బట్టి మారుతుంది. రాగితో చాలా గట్టిది, జింకుతో అంత కాదు.

అయితే కౌగిలికి ఇంకో పోటీదారు ఉంది, హైడ్రోజన్ అయాన్. ద్రావణంలో ఆమ్లత్వం ఎక్కువైతే హైడ్రోజన్ వచ్చి ఆ మూడు కొసల్ని ఆక్రమించేస్తుంది. ఆమ్లత్వాన్ని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది. దాన్ని రెండు దగ్గర ఉంచితే రాగి మాత్రమే హైడ్రోజన్‌ను తోసేసి కూర్చోగలదు. జింకు కిందికి జారిపోతుంది. అలా జారిన ద్రావణాన్ని పీహెచ్ నాలుగు, ఐదుకు పెంచి ఇంకో కాలమ్‌లోంచి, అంటే పూసలు నింపిన ఇంకో గొట్టంలోంచి, పంపితే అప్పుడు జింకు పట్టుబడుతుంది. ఇత్తడి మళ్లీ రెండు లోహాలుగా విడిపోయింది. చివరికి రెండు కాలమ్‌ల్లోనూ పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే హైడ్రోజన్ గెలిచి లోహాలు బయటికొస్తాయి. పూసలు మళ్లీ వాడుకోవచ్చు. రెజిన్‌తో లోహాల్ని వేరుచేసే పనిలో సగం నైపుణ్యం ఈ పీహెచ్ సర్దుబాటులోనే ఉంది. బ్రోషర్లలో దీనికి ఒక్క వాక్యం కూడా కేటాయించకపోవడం మామూలే.

ఈ బలాబలాలకు ఒక వరుస ఉంది. ఇర్వింగ్, విలియమ్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 1953లో వివరంగా ప్రచురించారు. మాంగనీసు, ఇనుము, కోబాల్ట్, నికెల్, రాగి: ఈ క్రమంలో బంధం బలపడుతూ పోతుంది, రాగి దగ్గర శిఖరానికి చేరి జింకు దగ్గర మళ్లీ దిగుతుంది. ఏ సమూహాన్ని వాడినా ఈ వరుస దాదాపు మారదు. వరుసలో అట్టడుగున ఉన్నది మాంగనీసు. దానికి కారణం దాని ఎలక్ట్రాన్లు. రెండు ఆవేశాల మాంగనీసు అయానులో ఐదు డి-ఎలక్ట్రాన్లు ఐదు గదుల్లో ఒక్కొక్కటిగా సరిసమానంగా సర్దుకుని ఉంటాయి. మిగతా లోహాలకు ఆ కౌగిలిలో దక్కే అదనపు స్థిరత్వం దీనికి దక్కదు. విజయనగరం జిల్లాకు పేరు తెచ్చిన లోహం రెజిన్ల వరుసలో ఆఖరిదన్నమాట.

ఎంత ఆఖరిదో అంకెల్లో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఇమినోడైఎసిటిక్ రెజిన్లకు తయారీదార్లు ఇచ్చే పట్టికల్లో కాల్షియం పట్టును 1 అనుకుంటే రాగి వేలల్లో ఉంటుంది, నికెల్ పదుల్లోనో వందల్లోనో ఉంటుంది. మాంగనీసు ఒకటికీ రెండుకూ మధ్య. అంటే ఆ రెజిన్‌కు మాంగనీసూ, సున్నపు నీళ్లలోని కాల్షియమూ దాదాపు ఒకటే.

ఒక లెక్క వేద్దాం. లీటరుకు 80 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీళ్లు అనుకుందాం. బోరు నీళ్లలో ఇది పెద్ద విశేషం కాదు, తాగునీటికి భారత ప్రమాణం చెప్పే వాంఛనీయ పరిమితి 75. అందులో లీటరుకు ఒక మిల్లీగ్రాము రాగి ఉందనుకుంటే, అయాన్ల సంఖ్యలో ఒక్క రాగికి 127 కాల్షియం అయాన్లు పోటీకి వస్తాయి. అయినా పట్టు రెండు వేల రెట్లు ఎక్కువ కాబట్టి రాగే గెలుస్తుంది. ముప్పై గ్రాముల రాగి పట్టగల ఒక లీటరు రెజిన్ ఆదర్శ పరిస్థితుల్లో ముప్పై వేల లీటర్లకు దగ్గరగా నీళ్లను రాగి లేకుండా చేయగలదు. ఇప్పుడు అదే నీళ్లలో రాగి బదులు అర మిల్లీగ్రాము మాంగనీసు ఉందనుకోండి. ఒక్క మాంగనీసుకు 220 కాల్షియం అయాన్లు. పట్టులో తేడా నామమాత్రం. పూసలన్నీ కాల్షియంతో నిండిపోతాయి. అదే లీటరు రెజిన్ మూడు నాలుగు వందల లీటర్ల దగ్గరే చేతులెత్తేస్తుంది. నిజ జీవితంలో నీళ్ల వేగం, మట్టి, ఇనుపతుప్పు వల్ల రెండు అంకెలూ ఇంకా తగ్గుతాయి. వాటి మధ్య నిష్పత్తి మాత్రం పెద్దగా మారదు.

కాబట్టి ఏ రెజిన్ గురించైనా అడగాల్సిన మొదటి ప్రశ్న, ‘ఏ లోహాన్ని పడుతుంది’ అని కాదు, ‘దేని సమక్షంలో పడుతుంది’ అని. స్వచ్ఛమైన నీళ్లలో మాంగనీస్ సల్ఫేట్ కలిపి ప్రయోగశాలలో పరీక్షిస్తే ఏ రెజిన్ అయినా 99 శాతం తొలగింపు చూపిస్తుంది. అలాంటి పరిశోధన పత్రాలు కొల్లలు. అందులో కాల్షియం వేసి చూపించినవి తక్కువ.

ఇక తలకిందులయ్యే చోటు. మాంగనీసును పట్టలేకపోవడం లోపంగా కనిపిస్తుంది. కానీ గరివిడి తరహా ఖనిజాన్ని ఆమ్లంలో కరిగించిన ద్రావణంలో లీటరుకు పదుల గ్రాముల మాంగనీసు ఉంటుంది. మలినాలు మిల్లీగ్రాముల్లో ఉంటాయి. అంత మాంగనీసును పట్టడానికి ఎన్ని పూసలైనా చాలవు, పట్టాల్సిన అవసరమూ లేదు. పట్టాల్సింది మలినాల్ని. వరుసలో మాంగనీసు అడుగున ఉండడమే ఇక్కడ కలిసొచ్చే సంగతి. నికెల్, రాగి, కోబాల్ట్, జింకు అన్నీ దానికంటే పైనే ఉన్నాయి. అవి పూసల్లో చిక్కుకుంటాయి, మాంగనీసు శుభ్రపడి కిందికి దిగుతుంది.

పని జరిగే క్రమం ఇలా ఉంటుంది. ఖనిజంలోని మాంగనీసు నాలుగు ఆవేశాల రూపంలో ఉంటుంది, అది సల్ఫ్యూరిక్ ఆమ్లంలో తేలిగ్గా కరగదు. కరగాలంటే ఎలక్ట్రాన్లిచ్చే పదార్థం ఏదైనా తోడు కావాలి. సల్ఫర్ డయాక్సైడ్ వాడతారు, బెల్లపు మడ్డి కూడా పనిచేస్తుంది. కరిగాక పీహెచ్‌ను నాలుగు, ఐదు దాకా పెంచితే మూడు ఆవేశాల ఇనుము, అల్యూమినియం హైడ్రాక్సైడ్‌లుగా అడుగుకు దిగుతాయి. భాస్వరంలో ఎక్కువ భాగం ఐరన్ ఫాస్ఫేట్‌గా వాటితోనే దిగిపోతుంది. కొలిమికి శత్రువైన భాస్వరం ఈ దారిలో వడపోత గుడ్డ మీదే ఆగిపోతుందన్నమాట. ఇనుమును ముందే తీసేయడం రెజిన్ కోసం కూడా తప్పనిసరి. మూడు ఆవేశాల ఇనుము ఇమినోడైఎసిటిక్ పూసల్ని చాలా గట్టిగా పట్టుకుంటుంది, మామూలు ఆమ్లంతో వదలదు. అలా మిగిలిన ద్రావణాన్ని ఇప్పుడు రెజిన్ కాలమ్‌లోంచి పంపాలి. పరిశ్రమలో ఈ దశకు సాధారణంగా సల్ఫైడ్ వేసి నికెల్, కోబాల్ట్‌ల్ని అవక్షేపంగా తీస్తారు. అది చౌక. అయితే సల్ఫైడ్ దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ప్రమాదం ఉంటుంది. చివరి కొన్ని మిల్లీగ్రాముల దగ్గర పట్టు కూడా సడలుతుంది. రెజిన్‌కు చోటు ఉన్నది ఆ చివరి మెరుగు దగ్గరే. మొత్తం పని దానికే అప్పగిస్తే డబ్బు దండగ.

రెజిన్ ఆదుకోలేని మలినాలు రెండు మిగులుతాయి, కాల్షియం, మెగ్నీషియం. పైన చెప్పిన పట్టిక చూస్తే కారణం అర్థమవుతుంది. మాంగనీసుకూ వాటికీ పట్టులో తేడా అంత తక్కువ. బ్యాటరీ గ్రేడు మాంగనీస్ సల్ఫేట్ చేసేవాళ్లకు అసలు తలనొప్పి ఇదే. ఫ్లోరైడ్ వేసి అవక్షేపం చేస్తారు, లేదా మళ్లీ మళ్లీ స్ఫటికీకరణ చేస్తారు. ఫ్లోరైడ్ వాడితే మిగిలిపోయిన ఫ్లోరైడ్‌ను తీయడం ఇంకో పని.

బావి నీళ్లలో మాంగనీసు సంగతి వేరు. తాగునీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని భారత ప్రమాణం. ప్రత్యామ్నాయం లేని చోట 0.3 దాకా ఒప్పుకుంటుంది. దాటితే బట్టల మీద, కుండల్లో నల్లటి మరకలు పడతాయి. దీనికి ఖరీదైన రెజిన్ అక్కర్లేదని పై లెక్కే చెప్పింది. గాలి తగిలించో, కాస్త క్లోరిన్ వేసో, మాంగనీస్ డయాక్సైడ్ పూత ఉన్న ఇసుకలోంచి పంపితే చాలు. కరిగిన మాంగనీసు ఆ పూత మీదే ఆక్సైడ్‌గా మారి అంటుకుపోతుంది. ఇందుకు పైరోలుసైట్ అనే సహజ మాంగనీసు ఖనిజాన్నే ముక్కలు చేసి ఫిల్టర్లలో వాడడం చాలాచోట్ల ఉన్నదే.

నీళ్లు అనగానే ఉద్దానం గుర్తు రాకుండా ఉండదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బుకు నీళ్లలోని లోహాలే కారణమని చాలాకాలంగా ప్రచారం ఉంది. లోహాల దగ్గర్నుంచి సిలికా, పురుగుమందులు, ఎండలో పని, నీళ్లు తక్కువ తాగడం దాకా ఎన్నో అనుమానాలు పరిశీలనలోకి వచ్చాయి గానీ, ఇదీ కారణమని ఒక్కదాన్ని నిర్ధారించలేదు. ఎంపిక చేసి పట్టే రెజిన్‌ను నమ్ముకోవాలంటే ముందు పట్టాల్సింది ఏమిటో తెలియాలి. పేరు తెలియని శత్రువు మీద ఇది పనికిరాని ఆయుధం. పైగా మామూలు నీళ్లలో సిలికా ఎక్కువగా ఆవేశం లేని రూపంలో ఉంటుంది, లోహాల్ని పట్టే పూసకు అది కనిపించదు. హిరమండలం దగ్గరి వంశధార రిజర్వాయర్ నుంచి ఉపరితల జలాన్ని పైపుల్లో ఉద్దానానికి తేవాలన్న నిర్ణయం ఈ దృష్టితో చూస్తే తెలివైనదే. బోరు నీళ్లలో ఏది ఉన్నా, మొత్తం బోరునే పక్కన పెట్టడం అది. ‘లోహాల్ని పీల్చే ఫిల్టర్’ అంటూ ఇల్లిల్లూ తిరిగి అమ్మేవాళ్లు ఎదురైతే, ఏ లోహం, ఎంత ఉంది, పరీక్ష నివేదిక ఏది అని అడగడం న్యాయం.

రెజిన్ నిజంగా డబ్బు సంపాదించిపెట్టే చోటు జిల్లాలోనే ఇంకోటి ఉంది. రణస్థలం మండలం పైడిభీమవరం ఔషధ పరిశ్రమల కేంద్రం. మందుల తయారీలో చాలా చర్యలకు పల్లాడియం ఉత్ప్రేరకం. చర్య ముగిశాక ఆ లోహం పిసరంత మందులో మిగిలిపోతుంది. నోటి ద్వారా తీసుకునే మందుల నుంచి రోజుకు 100 మైక్రోగ్రాములకు మించి పల్లాడియం ఒంట్లోకి చేరకూడదని ఐసీహెచ్ క్యూ3డీ అనే అంతర్జాతీయ మార్గదర్శకం చెబుతుంది. రోజుకు పది గ్రాముల మోతాదు లెక్కన చూస్తే అది 10 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో పది. పల్లాడియం విలువైన లోహం, బయటికి తీస్తే తిరిగి అమ్ముకోవచ్చు. ఇటు నాణ్యత, అటు రాబడి. రెండూ ఒకేసారి కుదిరే సందర్భాలు వ్యర్థాల శుద్ధిలో అరుదు.

థయోల్ లేదా థయోయూరియా సమూహం ఉన్న పూసలు ఇక్కడ పనికొస్తాయి. గంధకం, పల్లాడియం ఒకదాన్నొకటి వదలవు. 1963లో రాల్ఫ్ పియర్సన్ చెప్పిన ప్రకారం ఎలక్ట్రాన్ మేఘం మెత్తగా వంగే లోహాలు గంధకం లాంటి మెత్తటి పరమాణువుల్నే కోరుకుంటాయి. పాదరసం, వెండి, బంగారం కూడా ఈ కోవలోవే. కాల్షియం లాంటి గట్టి అయాన్లకు గంధకం పొడ గిట్టదు. అందుకే ఈ రెజిన్‌కు పోటీ బెడద చాలా తక్కువ. వచ్చే చిక్కు వేరే. పల్లాడియం ఒంటరిగా తిరగదు, మందు అణువులోని నైట్రోజన్‌నో, ఫాస్ఫీన్‌నో పట్టుకుని ఉంటుంది. దాన్ని లాక్కోవాలంటే రెజిన్ పట్టు అంతకంటే గట్టిది కావాలి, సమయమూ ఇవ్వాలి. ఇంకోటి, ఈ ద్రావణాల్లో నీళ్లు ఉండకపోవచ్చు. మిథనాల్, ఇథైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాల్లో జెల్ రకం పూస సరిగా ఉబ్బదు, లోపలి సమూహాలకు దారి మూసుకుపోతుంది. శాశ్వత రంధ్రాలున్న పూస ఉబ్బినా ఉబ్బకపోయినా దారి తెరిచే ఉంచుతుంది. రంధ్రాలకు పెట్టిన ఖర్చు తిరిగొచ్చేది ఇలాంటి చోటే.

తీరం వైపు చూస్తే పెద్ద ఆశలు, పెద్ద అడ్డంకులు. శ్రీకాకుళం తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్‌లతో పాటు కొద్దిగా మోనజైట్ ఉంటుంది. మోనజైట్‌లో సగానికి పైగా అరుదైన మృత్తిక లోహాల ఆక్సైడ్‌లే. దానితో పాటే థోరియం కూడా ఉండడంతో అణుశక్తి శాఖ అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోకూడని ఖనిజం అది. అరుదైన మృత్తికల్ని ఒకదాన్నించి ఒకటి వేరుచేయడం రెజిన్‌కు అగ్నిపరీక్ష. లాంథనం నుంచి లుటీషియం దాకా అయాన్ల వ్యాసార్థం 103 నుంచి 86 పికోమీటర్లకు మెల్లమెల్లగా తగ్గుతుంది, పక్కపక్క లోహాల మధ్య తేడా ఒకటి, ఒకటిన్నర పికోమీటరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనూ ఆ తర్వాతా అమెరికాలో స్పెడ్డింగ్ బృందం అయాన్ రెజిన్ కాలమ్‌లతోనే వీటిని కిలోల్లో వేరుచేసింది. ఇప్పుడు పెద్ద కర్మాగారాల్లో ఆ పని ద్రవ ద్రావకాలు చేస్తున్నాయి. అక్కడ రెజిన్‌కు మిగిలింది అతి శుద్ధమైన చిన్న మొత్తాల పని.

సముద్రపు నీళ్లలో యురేనియం సంగతి ఇంకా ఊరించేది. వెయ్యి లీటర్లలో 3.3 మిల్లీగ్రాములు ఉంటుంది. 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లాకు ఆ అంకె చూస్తే నోరూరవచ్చు. కానీ ఒక కిలో కావాలంటే మూడు లక్షల ఘనపు మీటర్ల నీళ్లలోని యురేనియం మొత్తం, ఒక్క చుక్కా తప్పకుండా, అమిడాక్సైమ్ సమూహాలకు చిక్కాలి. వెనాడియం అక్కడ గట్టి పోటీదారు. పూసలకు నాచు పడుతుంది కూడా. అదే అమిడాక్సైమ్ సమూహం బాక్సైట్‌ను కాస్టిక్ సోడాతో ఉడికించే ద్రావణంలోంచి గాలియం తీయడానికి మాత్రం పరిశ్రమలో చక్కగా కుదురుకుంది. ఎలక్ట్రానిక్స్‌కు కావాల్సిన ఆ లోహానికి ఇది ముఖ్యమైన దారి. సరిహద్దుకు అవతల కొరాపుట్‌లోని దామన్‌జోడిలో అలాంటి బాక్సైట్ శుద్ధి కర్మాగారం ఉంది. సముద్రం కంటే అటువైపు చూడడమే ఆచరణకు దగ్గర.

పట్టిన లోహం ఎక్కడికి పోతుందన్నది రెజిన్ అమ్మేవాళ్లు తొందరగా దాటేసే విషయం. సాఫ్ట్‌నర్ పూసల్ని ఉప్పు నీళ్లతో కడుగుతారు. నౌపడ కొఠార్ల ఉప్పయినా సరిపోతుంది, మురికి, మెగ్నీషియం తక్కువుంటే చాలు. కడిగిన నీళ్లలో కాల్షియం, సోడియం క్లోరైడ్ ఉంటాయి. అవి పొలంలోకి పోతే నేల చవుడుబారుతుంది. బరువు లోహాలు పట్టిన పూసల్ని ఆమ్లంతో కడిగితే వచ్చేది చిక్కటి లోహ ద్రావణం. వేల లీటర్లలో చెదిరి ఉన్న రాగి కొన్ని లీటర్లలోకి చేరింది, అంతే. కొనేవాడుంటే అది సరుకు. లేకపోతే ప్రమాదకర వ్యర్థం, పరవాడలోని వ్యర్థాల శుద్ధి కేంద్రం లాంటి చోటికి పంపాలి. చిన్న పరిశ్రమలు రెజిన్ కొనేముందు ఈ లెక్క వేసుకోవడం మేలు. రాగి, నికెల్, పల్లాడియం ఒక్కొక్కటే విడిగా దొరికితే కొనేవాళ్లు దొరుకుతారు. పది లోహాలు కలిసిన ద్రావణాన్ని ఎవరూ ముట్టుకోరు. ఎంపిక సరిగా ఉండడం వల్ల వచ్చే అసలు లాభం ఇదే, నీళ్లు శుభ్రపడడం కంటే ఎక్కువగా.

ఈ పూసలు స్థానికంగా తయారవుతాయా అంటే, స్టైరీన్ పెట్రో రసాయనం, అది ఇక్కడ దొరకదు. కానీ 1935 నాటి మొదటి కృత్రిమ రెజిన్ ఫినాల్ కుటుంబానిది, ఫినాల్ కుటుంబపు నూనె పలాస, కాశీబుగ్గ జీడి కర్మాగారాల్లో పిక్కల తొక్కల నుంచి వస్తుంది. పచ్చి తొక్క నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. ఒకే వలయం మీద పక్కపక్కనే ఒక కార్బాక్సిల్, ఒక హైడ్రాక్సిల్. లోహాన్ని రెండు వైపుల నుంచి పట్టుకోవడానికి అనువైన జంట అది. పిక్కల్ని కాల్చినప్పుడు వేడికి ఆ కార్బాక్సిల్ కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోయి కార్డనాల్ మిగులుతుంది. ఫార్మాల్డిహైడ్‌తో కలిపితే కార్డనాల్ గట్టి రెజిన్ అవుతుంది, వాహనాల బ్రేక్ లైనింగుల్లో వాడేది ఈ రకమే. దానికి సల్ఫోనిక్ సమూహాలు తగిలించి అయాన్ రెజిన్‌గా మార్చే ప్రయత్నాలు పరిశోధన సాహిత్యంలో ఉన్నాయి. ఎచ్చెర్ల అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోనో, విజయనగరం జేఎన్‌టీయూలోనో ఎమ్మెస్సీ, ఎంటెక్ ప్రాజెక్టుకు ఇంతకంటే దగ్గరి ముడిసరుకు దొరకడం కష్టం.

పరిమితులు కూడా అణువులోనే ఉన్నాయి. కార్డనాల్‌కు పదిహేను కార్బన్ల తోక ఉంటుంది, అది నూనె స్వభావం గలది, నీళ్లను దగ్గరికి రానివ్వదు. పూస తడవడమే ఆలస్యమైతే లోహం లోపలికి చేరడం ఇంకా ఆలస్యం. ఫినాల్ రకం రెజిన్లు క్షారంలో, గాలి తగిలినప్పుడు పాడవుతాయి. స్టైరీన్ పూసల్లా ఏళ్ల తరబడి ఆమ్లం, క్షారం మార్చి మార్చి పోసినా తట్టుకునే రకం కాదు. కాబట్టి పదే పదే కడిగి వాడే బ్యాటరీ గ్రేడు మాంగనీసు శుద్ధికి ఇది సరిపోదు. ఒకసారి వాడి, పట్టిన రాగితో సహా కాల్చి, బూడిదలోంచి లోహాన్ని తీసుకునే చిన్న పనికి సరిపోవచ్చు. అలా వాడాలనుకుంటే మాత్రం నూనెను వేడి చేయకుండా పిండాలి, కాల్చిన పిక్కల నూనెలో లోహాన్ని పట్టే కార్బాక్సిల్ అప్పటికే పోయి ఉంటుంది.